విక్రమ సింహపురి డిగ్రీ: మార్పుల తర్వాత చేరేవాళ్లు చూసుకోవాల్సినవి

నెల్లూరు వైపు డిగ్రీ పట్టా 2008కి ముందు తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) పేరుతో వచ్చేది. ఇప్పుడు వెంకటాచలం మండలం కాకుటూరులో క్యాంపస్ ఉన్న విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పేరుతో వస్తోంది. పేరు మారడం చిన్న విషయం. 2020 నుంచి ప్రభుత్వం వరసగా తెచ్చిన మార్పులతో లోపలి చదువే మారిపోయింది. పాత బ్యాచ్ అన్నలు, అక్కలు చెప్పే సలహాల్లో సగం ఇప్పుడు పనికిరావు.

అడ్మిషన్ సంగతి బాగుపడింది. డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఓఏఎండీసీలో రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, చివరికి కాలేజీలో రిపోర్టింగ్. సిఫారసు లేని పిల్లకీ మార్కుల మీద సీటు వస్తుంది. చిక్కల్లా ఫోన్ దగ్గరే. కాలేజీ తరఫున ఇంటికొచ్చిన మనిషికో, నెట్ సెంటర్ కుర్రాడికో ఓటీపీ చెప్పేస్తే వాళ్లు ఒక్క కాలేజీనే ఆప్షన్‌గా పెట్టి ఊరుకుంటారు. ఆప్షన్లు మీరే పెట్టుకోండి, వరస కాగితం మీద రాసుకున్నాకే సేవ్ చేయండి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించుకోవాలి. లేకపోతే స్కాలర్‌షిప్ దగ్గర ఆగిపోతుంది.

అసలు ఆలోచించాల్సింది 2023-24లో వచ్చిన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) గురించి. అంతకుముందు ఎంపీసీ అంటే మూడు సబ్జెక్టులూ సమానం. ఒకే సెక్షన్, ముగ్గురు లెక్చరర్లు. ఇప్పుడు ఫిజిక్స్ మేజర్ వేరు, కెమిస్ట్రీ మేజర్ వేరు, రెండో సెమిస్టర్ నుంచి ఒక మైనర్ (మేజర్‌కు తోడు సబ్జెక్టు). ఒక సబ్జెక్టును లోతుగా చదివించాలన్న ఉద్దేశం మంచిదే, దాన్ని తప్పుపట్టలేం. అయితే పిల్లలంతా కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్తే ఫిజిక్స్ మేజర్‌లో నలుగురైదుగురు మిగులుతారు. అంతమందికి ల్యాబ్ నడపడం చిన్న ఊరి కాలేజీ వల్ల కాదు. సెక్షన్ ఎత్తేస్తారు, లేదా లెక్చరర్‌ను మైనర్ క్లాసులకే పరిమితం చేస్తారు. పేపర్ల సంఖ్య పెరిగేసరికి విశ్వవిద్యాలయానికి ప్రశ్నపత్రాల తయారీ, మూల్యాంకనం పనీ పెరుగుతుంది.

కాబట్టి ఫీజు కట్టేముందు కాలేజీలో మూడు మాటలు అడగండి. ఈ మేజర్‌లో రెండో ఏడాది ఎంతమంది ఉన్నారు? ఆ సబ్జెక్టుకు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా? మైనర్‌గా నిజంగా ఏవి చెబుతున్నారు? బీఈడీ చేయాలనుకునేవారు మైనర్‌ను ఊరికే ఎంచుకోకూడదు. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ నోటిఫికేషన్‌లో మెథడాలజీ (బోధించాల్సిన సబ్జెక్టు) అర్హత ఒకసారి చదివాకే నిర్ణయించుకోండి.

మూడేళ్లకు 120 క్రెడిట్లతో (పాసైన కోర్సులకు వచ్చే పాయింట్లు) డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే 160తో ఆనర్స్. రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) లెక్కలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి.

ఈ మార్పులన్నిటిలో విలువైనది ఇంటర్న్‌షిప్. వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, తర్వాత షార్ట్‌టర్మ్ ఇంటర్న్‌షిప్, ఆపైన సెమిస్టర్ పొడవునా పని. ప్రాజెక్టులో ఊళ్లో ఇంటింటి సర్వే, అవగాహన కార్యక్రమం, లాగ్‌బుక్, నివేదిక ఉంటాయి. ఇదే అందరూ నీరుగార్చేది కూడా. ఒకడి నివేదిక పదిమంది కాపీ కొట్టి స్పైరల్ బైండింగ్ చేయిస్తే వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చెప్పాలంటే ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు చూడాలి. జువాలజీ, ఆక్వా చదివేవాళ్లకు అంతకన్నా మంచి ల్యాబ్ లేదు. తెల్లవారుజామున డీఓ మీటర్ నీళ్లలో పెట్టి కరిగిన ఆక్సిజన్ చూడటం, 4 పీపీఎం కన్నా తగ్గితే ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఎందుకు వేస్తారో రైతును అడగడం, రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పదనం రాసుకోవడం, చెక్ ట్రే (మేత వేసి నీళ్లలో దించే పళ్లెం) పైకి లాగి మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో చూడటం. ఇవన్నీ తేదీ, టైమ్‌తో లాగ్‌బుక్‌లోకి ఎక్కాలి. వారం రోజుల అంకెలు గ్రాఫ్‌గా గీస్తే అదే నివేదికలో సగం. కామర్స్ వాళ్లకు రైస్ మిల్లులు, స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ దుకాణాల జీఎస్టీ లెక్కలు ఉన్నాయి. ఉదయగిరి లాంటి మెట్ట ప్రాంతాల పిల్లలకే కష్టం. దగ్గర్లో కంపెనీలు తక్కువ, నెల్లూరు రానూపోనూ బస్సు ఖర్చే భారం. ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో సరిపెట్టకుండా ఆ కాలేజీలు బ్యాంకు శాఖలు, సహకార సంఘాలు, రైతు సేవా కేంద్రాలతో ముందే మాట్లాడి పెట్టాలి.

పీజీకి 2021 నుంచి ఒకటే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, ఏపీపీజీసెట్. నాలుగు విశ్వవిద్యాలయాలకు నాలుగు ఫీజులు కట్టే బాధ తప్పింది. ర్యాంకు బాగా వచ్చినవాళ్లు విశాఖకో తిరుపతికో వెళ్తారు, అది సహజం. తీరప్రాంత చదువైన మెరైన్ బయాలజీకి మాత్రం కాకుటూరును ముందు ఆప్షన్‌గా పెట్టుకోవచ్చు, సముద్రం, చెరువులు రెండూ అందుబాటులో ఉంటాయి.

చేరిన వారంలోనే డిజిలాకర్‌లో ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ చేసుకోండి. అందులో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. క్రెడిట్లు జమయ్యేది ఆ ఐడీలోనే.