నీళ్లు గిట్టని పసుపు: క్వెర్సెటిన్ పొడి, చాలాకాలం వాడాక

ఉల్లిపాయల్లో, ఆపిల్ తొక్కలో క్వెర్సెటిన్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుందని కొత్తగా చెప్పేదేముంది. నా కోపమంతా ఒక్కదాని మీదే. ఇది నీళ్లలో కరగదు.

తుమ్ముల బాధకి మొదట 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ వేసుకునేదాన్ని, ఏ పేచీ లేదు. అంత లావు క్యాప్సూల్ గొంతు దిగక విడి పొడికి మారాను. గొడవ అక్కడ మొదలైంది. గ్లాసులో వేస్తే పైనే తేలుతుంది. తిప్పితే ఉండలు కడుతుంది. ఆ ఉండని చెంచాతో చిదిమి చూడండి, లోపల చుక్క తడి ఉండదు! వేడినీళ్లు పోస్తే కాస్త నయం, అంతే. తాగేశాక సగం మందు గ్లాసుకే అంటుకుని ఉంటుంది. మళ్లీ నీళ్లు పోసి, కడిగి, ఆ కడుగునీళ్లు కూడా తాగాలి. ఓసారి కొంత ఒలికి తెల్ల తువ్వాలు మీద పడింది. సబ్బు పెట్టి రుద్దితే మరక పోవడం మాట అటుంచి ఇంకా ముదిరింది. క్షారం తగిలితే ఈ రంగు చిక్కబడుతుందట. ఉల్లిపొట్టుతో బట్టలకి రంగు వేసేది కూడా దీని చలవే మరి.

ఒళ్లు మండేది ఎక్కడంటే, ఉల్లిపాయలో ఇదే పదార్థం చక్కెరతో జతకట్టి ఉంటుంది, అందుకని పేగులు దాన్ని తేలిగ్గా పీల్చుకుంటాయి. పైగా ఎక్కువగా ఉండేది పై పొరల్లో. మనం ఒలిచి పారేసేది వాటినే. విడి పొడిని మాత్రం కొవ్వున్న తిండితో తీసుకుంటే ఒంటికి కాస్త ఎక్కువ పడుతుంది. ఇప్పుడు నేను చేస్తున్నది అదే, గ్లాసుతో కుస్తీ తప్పింది.

తుమ్ములు తగ్గాయని అందరికీ చెప్పాను. తగ్గిన మాట నిజమే. కాకపోతే అదే సమయంలో డాక్టర్ రాసిన ముక్కు స్ప్రే కూడా వాడుతున్నాను. ఒంట్లో అలర్జీని రేపే మాస్ట్ కణాలు, తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదలకుండా క్వెర్సెటిన్ అడ్డుకుంటుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది కానీ, గాజుపళ్లెంలోని కణాలకీ నా ముక్కుకీ చాలా దూరం.

ఆ స్ప్రే తప్ప నాకు వేరే మందులేవీ లేవు కాబట్టి టెన్షన్ లేకుండా వాడుతున్నాను. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), సైక్లోస్పోరిన్ (రోగనిరోధక శక్తిని అణిచేది) లాంటివి వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు. డబ్బాలో ఇంకా సగం పొడి ఉంది. అది అయ్యాక మళ్లీ క్యాప్సూల్సే, చిన్న సైజువి దొరికితే.