ప్రకటనలు రాయడానికి చాట్‌బాట్: పలాస జీడిపప్పు కొట్టు నుంచి ఒక సమీక్ష

రెండేళ్లకు పైగా మా కొట్టు ప్రకటనలన్నీ చాట్‌బాట్ సాయంతోనే రాస్తున్నాను. పలాసలో పప్పు అమ్మడానికి ప్రకటన ఎందుకు అనుకోవచ్చు. ఇక్కడ ఎటు చూసినా జీడిపప్పు కొట్లే, అందరి బోర్డుల మీదా ఇంచుమించు ఒకటే మాట, అందుకే కావాలి. వాట్సాప్ స్టేటస్, ఫ్లెక్సీ, పెళ్లిళ్ల సీజన్‌లో ఆటో మైకు, పార్సిల్ డబ్బా మీద అంటించే చీటీ, అన్నిటికీ వాడి చూశాను.

పనికొస్తుంది. కానీ "జీడిపప్పుకి మంచి యాడ్ రాయి" అని వదిలేస్తే మాత్రం 'ప్రకృతి ప్రసాదించిన రుచి, మీ కుటుంబ ఆరోగ్యానికి భరోసా' లాంటిది వస్తుంది, అది తేనెకైనా నెయ్యికైనా అతికిపోతుంది, చదివి ఎవరూ ఫోన్ చెయ్యరు.

నాకు కలిసొచ్చిన పద్ధతి వేరు. రాయమనకుండా ముందు నన్నే ప్రశ్నలడగమంటాను: "నువ్వు మా కొట్టుకి కొత్తగా వచ్చావు, కొనే ముందు నీకొచ్చే అనుమానాలన్నీ అడుగు." అలా అడిగినవాటిలో డబ్ల్యూ 240 గ్రేడు అంటే ఏంటన్నది ఒకటి. పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 220 నుంచి 240 గుండ్లు (విరగని పూర్తి పప్పులు) తూగే పప్పు అది. 320 అయితే 300 నుంచి 320 తూగుతాయి కాబట్టి గింజ చిన్నది, ధరా తక్కువే. ఇదంతా చెప్పి పావుకిలో లెక్కలో రాయమంటే, "పావుకిలోకి 120 నుంచి 130 గుండ్లు. ఇంటికెళ్లి లెక్కపెట్టుకోండి" అని ఇచ్చింది. అందులో ఒక్క అక్షరం మార్చలేదు. అది పెట్టాక ఫోన్ చేసేవాళ్లు కిలో ఎంత అనే ముందు ఏ గ్రేడు అని అడుగుతున్నారు, నాకైతే అదే పెద్ద లాభం.

ఆటో మైకుకి వేరే సంగతి. ఆటో మన ముందు నుంచి వెళ్లిపోయేలోపు ఊరు, కొట్టు, సరుకు మూడూ చెవిన పడాలి, దానికి వాక్యానికి ఆరు మాటలు దాటకూడదని, క్రియతో ముగియాలని గట్టిగా చెప్పాలి. చెప్పాక కూడా పైకి చదివి చూసుకోండి, నోరు తిరగని చోట కొట్టేయండి. శ్రీకాకుళం యాసలో మాత్రం అడగొద్దు. సినిమాల్లో నవ్వించడానికి వాడే యాస తెచ్చి పెడుతుంది, అది వింటే మన జనం నొచ్చుకుంటారు, నేనూ నొచ్చుకున్నాను.

అసలు జాగ్రత్త ఇక్కడ. అడగకపోయినా అది గొప్పలు కలుపుతుంది. షుగర్ అదుపులో ఉంటుందని, కొలెస్ట్రాల్ తగ్గుతుందని రాసేస్తుంది. ఆహార పదార్థాల ప్రకటనలకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన 2018 నిబంధనలున్నాయి, 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. "ఉద్దానం తోటల నుంచి నేరుగా మీ ఇంటికి" అన్నది కూడా చాలాసార్లు రాసింది. వినడానికి బాగుంటుంది, కానీ 2018 తిత్లీ తుఫానుకి ఇక్కడ ఎన్ని తోటలు నేలకొరిగాయో మనకి తెలుసు, పలాస ఫ్యాక్టరీలకు ఆఫ్రికా నుంచి కూడా పిక్కలు (పప్పు తియ్యని జీడిగింజలు) వస్తాయి. తోట పిక్క అయితేనే తోట అని రాయాలి. అందుకే "నేను చెప్పని విషయం ఒక్కటి కూడా చేర్చొద్దు" అన్న మాట ప్రతిసారీ ముందే పెడతాను, అయినా చివర్లో ఒక్కో వాక్యం పట్టుకుని 'ఇది నేను చెప్పానా' అని చూసుకుంటాను.

చిన్న కొట్టుకి ఉచితంగా దొరికేది చాలు, డబ్బు కట్టక్కర్లేదు. ఒకే విషయాన్ని పది రకాలుగా రాయించి ఒకటి ఏరుకోవడానికి దీన్ని మించింది లేదు. ధర మాత్రం దానితో రాయించను, పప్పు రేటు మారుతూనే ఉంటుంది, ఆ చోటు ఖాళీగా వదలమని చెప్పి పొద్దున్నే నేనే నింపుతాను.