కోరాపుట్ కొండల్లో యూత్ క్యాంపు: వెళ్ళేముందు నీళ్ళ సంగతి అడగండి

మే నెలలో మా సాలూరు చర్చి సంఘం నుంచి ఆరుగురం కోరాపుట్ దగ్గర జరిగిన యవ్వనస్థుల క్యాంపుకి వాలంటీర్లుగా వెళ్ళాం. 8 రోజులు, 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు 90 మంది. నాకు పొద్దున వంటశాల, రాత్రి ఆడపిల్లల హాలు అప్పగించారు. వచ్చే ఏడాది పిల్లల్ని తీసుకెళ్దామనుకునే సంఘాల కోసం ఇది రాస్తున్నాను.

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా బస్సు దగ్గర దారే. కానీ ఆ మలుపులకి మాలో ముగ్గురు పొట్టంగి దాటేదాకా తలెత్తలేదు. విశాఖ వైపు వాళ్ళు కిరండూల్ ప్యాసింజర్ ఎక్కడం మేలు. అరకు దాకా టూరిస్టులతో కిక్కిరిసి ఉంటుంది, వాళ్ళు దిగిపోయాక కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. అన్నం మాత్రం ఇంటి దగ్గరే కట్టుకోండి. ముందురోజు రాత్రి ఊళ్ళో ఒక లాడ్జిలో ఉన్నాం. గదులు శుభ్రం, యజమానికి తెలుగు వచ్చు, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు. ఒక్క రాత్రికి అది చాలు.

కొండ మీదా, కొండ కిందా ఉన్న మా సంఘాలది పాత చుట్టరికం. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ మిషన్ పంపిన లూథరన్ మిషనరీల పనితో మొదలైంది. ఇప్పుడు రాష్ట్రాలు వేరు, భాషలు వేరు. అయినా మేం తెలుగులో పాట ఎత్తుకుంటే అక్కడి పిల్లలు ఒడియా మాటలతో అదే రాగం అందుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ప్రసంగాలే కాస్త ఇబ్బంది. ప్రతి మాటా తర్జుమా చేయాలి కాబట్టి 20 నిమిషాల ప్రసంగం 40 నిమిషాలవుతుంది, చిన్నపిల్లలు తూగుతారు. చెప్పేవాళ్ళు సగానికి తగ్గించుకుని వెళ్ళాలి.

వంటశాలలో పని నాలుగున్నరకే మొదలు. మొదటి రెండు రోజులూ ఉప్మా చేశాం, సగం మిగిలిపోయింది. మూడోరోజు అక్కడి వంటామె మమ్మల్ని పక్కకి జరగమని, రాత్రే కలిపి పెట్టిన చోడిపిండి (రాగిపిండి) గుండిగలో పోసి అంబలి కాచింది. చోళ్ళని వాళ్ళు మాండియా అంటారు. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పు. పిల్లలు మూడేసి గ్లాసులు తాగారు. మన ఇళ్ళలోనూ తాగేదే కదా, మాకెందుకు తట్టలేదో! ఆ తర్వాత ఉప్మా జోలికి పోలేదు.

ఆరోజే మధ్యాహ్నం బోరు మోటారు కాలిపోయింది. ఉన్నది ఒక్కటే ట్యాంకు, మరుగుదొడ్లు ఆరు. మోటారు బాగయ్యేసరికి రెండు రోజులు పట్టింది. అప్పటిదాకా ట్రాక్టరు మీద డ్రమ్ములతో నీళ్ళు తెచ్చుకున్నాం. చేతులు బొబ్బలెక్కాయి, దానికి బాధ లేదు. కానీ ఆడపిల్లలు మరుగుదొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేశారు. అది నన్ను చాలా బాధపెట్టింది.

మలేరియా ఉండే ప్రాంతం కాబట్టి దోమతెరలు తప్పనిసరి. ఈ విషయంలో నిర్వాహకులకి పూర్తి మార్కులు, ఒక్క తెరకీ చిరుగు లేదు. రాత్రి టార్చి పట్టుకుని ఒక్కొక్కరి తెర అంచు చాప కిందికి దోపుతూ వెళ్ళేదాన్ని. నాలుగోరోజు రాత్రి చివరి చాప మీది పిల్ల నా వేలు పట్టుకుని "అపా, పాణి" అంది, అక్కా, నీళ్ళు అని. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు. నా సీసాలో ఉన్న నీళ్ళు ఇచ్చాను. గటగటా తాగి, తోడు రమ్మని తలుపు వైపు చూపించింది. ఇద్దరం చెంబు తీసుకుని బయటికి వెళ్ళాం. మే నెలలోనూ శాలువా కప్పుకునేంత చలి.

కిందటేడు రాయగడ వైపు క్యాంపులో పనిచేశాను. అక్కడ ఎండ మండిపోయింది. కానీ రెండు బోర్లు, హాలుకి ఆనుకునే మరుగుదొడ్లు ఉండేవి. ఆడపిల్లలున్న బృందానికి ఈ రెండింటిలో నేనైతే రాయగడే చెబుతాను. పెద్దపిల్లలు, తక్కువమంది అయితే కోరాపుట్ వెళ్ళండి.

తిరిగొచ్చాక మా పాస్టరు అయ్యగారు అక్కడికి ఫోన్ చేసి రెండో ట్యాంకు గురించి అడిగారు. క్రిస్మస్ లోపు కట్టిస్తామన్నారు. జనవరిలో నేనూ ఇంకో అక్కా వెళ్ళి, కుళాయి తిప్పి చూసి, ఆ తర్వాతే పిల్లల పేర్లు ఇస్తాం.