ఆర్‌వైఆర్1 కణాల వేడి కొలవడానికి మైక్రోకెలోరిమీటర్: చాన్నాళ్లు వాడాక

మలిగ్నెంట్ హైపర్‌థెర్మియా ఉన్నవాళ్లకు మత్తు వాయువుతో ఒళ్లు కాలిపోవడానికి మూలం చాలావరకు ఆర్‌వైఆర్1 కాల్షియం చానల్‌లోనే (కణం లోపలి నిల్వ నుంచి కాల్షియాన్ని బయటికి వదిలే ద్వారం) ఉంటుంది. పందుల్లో ఆ మ్యుటేషన్ (జన్యుమార్పు) ఆర్615సి, మనుషుల్లో దాని జోడు ఆర్614సి. చానల్ కారుతుంటే సెర్కా పంపు కణం ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి కాల్షియాన్ని తిరిగి నిల్వలోకి తోడుతూనే ఉంటుంది, దాంతో వేడి పుడుతుంది. ఆ వేడి కొలవడానికి 4 మి.లీ. ఆంపూల్ (మూసిన చిన్న సీసా) పట్టే ఐసోథర్మల్, అంటే ఉష్ణోగ్రత మారకుండా ఉంచి వేడిని కొలిచే, మైక్రోకెలోరిమీటర్‌కే నా ఓటు.

స్టిరర్ (కలియబెట్టే పుల్ల) లేనిది మాత్రం తీసుకోకండి. ఆర్‌వైఆర్1ను పెట్టి పరీక్షించే హెచ్‌ఈకే293 (ల్యాబ్‌లో పెంచే మానవ కణాలు) పది లక్షలు ఇచ్చేది సుమారు 30 మైక్రోవాట్లు. అవి సెంటీమీటరు లోతు మీడియం అడుగున పేరుకుంటే, పైనుంచి దిగే ఆక్సిజన్ వాటి అవసరంలో పదోవంతుకు అటూఇటూ ఉంటుంది. యంత్రం గీసే వేడి గీత మెల్లగా పడిపోతుంది. అది మ్యుటేషన్ ప్రభావం కాదు, కణాలకు ఊపిరాడకపోవడం.

మూత దగ్గర గంటకు 10 మైక్రోగ్రాముల నీరు ఆవిరైనా 6-7 మైక్రోవాట్లు మాయమవుతాయి. ఓ-రింగ్ ప్రతిసారీ మార్చాలి, అంచు తడి లేకుండా తుడవాలి. మీడియం ఆమ్లత మారకుండా ఉంచే బఫర్‌గా బైకార్బొనేట్ బదులు 20 మిల్లీమోలార్ హెపిస్ వాడాలి.

అసలు చిక్కు ఆర్‌వైఆర్1ను తెరిపించడానికి పోసే కెఫీన్‌తో. నీళ్లలో పెద్దగా కరగదు కాబట్టి స్టాక్ (ముందుగా చేసిపెట్టుకునే గాఢ ద్రావణం) 100 మిల్లీమోలార్ దగ్గరే ఆగుతుంది, 2 మి.లీ.లో 200 మైక్రోలీటర్లు పోస్తే 9 మిల్లీమోలార్ వస్తుంది. గాఢ ద్రావణంలో ఒకదానిమీద ఒకటి పేర్చుకున్న కెఫీన్ అణువులు పలచబడగానే విడిపోతూ వేడి పీల్చుకుంటాయి. గీత మొదట కిందికి దిగేది అందుకే! ఆర్‌వైఆర్1 లేని కణాలకూ అంతే కెఫీన్ పోసి, ఆ విలువ తీసేయాలి. అప్పుడు కూడా కారే మ్యుటెంట్‌లో కెఫీన్ శిఖరం మామూలు చానల్‌కన్నా చిన్నగా రావచ్చు: కాల్షియం నిల్వ ముందే ఖాళీ అయి ఉంటుంది. అది చూసి మ్యుటేషన్ బలహీనమైనదని రాసేయకండి; చూడాల్సింది విశ్రాంతి బేస్‌లైన్, అంటే కెఫీన్ పోయకముందు కణాలు ఇచ్చే వేడి. 1 మైక్రోమోలార్ థాప్సిగార్గిన్‌తో సెర్కాను ఆపి, ముందూ వెనకా తేడా తీయండి. థాప్సిగార్గిన్‌ను కరిగించే డీఎంఎస్ఓ నీళ్లలో కలవడంతోనే వేడి పుడుతుంది, కాబట్టి బ్లాంక్‌లోనూ (మందు లేని పోలిక నమూనా) అంతే పోయాలి. కణాల్లో చానల్ తయారీని మొదలుపెట్టించడానికి వేసే డాక్సీసైక్లిన్, శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. కంట్రోల్ కణాలకూ అదే మోతాదు, అన్నే గంటలు.

యంత్రం స్పందనకే నిమిషాలు పడుతుంది. క్షణాల కాల్షియం పొంగు ఎత్తుగా కనబడదు, గీత కింది వైశాల్యాన్ని మైక్రోజౌళ్లలో చదవాలి. కణం లోపల వేడి ఎక్కడ పుట్టిందో ఇది చెప్పదు. దానికి 2014లో వచ్చిన ఈఆర్ థెర్మో యెల్లో లాంటి, కణం లోపలి ఉష్ణోగ్రతను వెలుగుతో చూపే రంగులున్నాయి. డిగ్రీల లెక్కకు మాత్రం వాటిని ఒంటరిగా నమ్మను.