ఫ్రేమ్ ఒకటి – 3,500

కలకత్తాలో పాత ప్రింట్లు కొనాలనుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి. నా 3,500 ఎలాగూ పోయాయి.

నాతో వచ్చిన మా బావకి పొద్దున్నే లూచీలు (మన పూరీల్లాంటివే), ఆలూ కూర దొరికితే చాలు, ఊరంతా నచ్చేస్తుంది.

మొదటిరోజు సాయంత్రం పాత పుస్తకాల షాపులో థామస్ డేనియల్ అనే పాతకాలం ఇంగ్లీషు చిత్రకారుడి కలకత్తా బొమ్మ ఒకటి గోడకి కనిపించింది. తెల్లటి మేడలు, ముందు రోడ్డు మీద పల్లకీలు, జనం. "ఒరిజినల్ సార్, రెండొందల ఏళ్ల నాటిది" అన్నాడు షాపాయన. 6,000 చెప్పి 3,500కి దిగాడు. నిజంగా అంత పాత సరుకైతే రెండు నిమిషాల్లో అంత దిగుతాడా అని అప్పుడు తట్టలేదు. "ఈ డబ్బుతో మీ అక్కకి రెండు చీరలొచ్చేవిరా" అని బావ సణుగుతూనే ఉన్నాడు.

మర్నాడు విక్టోరియా మెమోరియల్‌కి వెళ్లాం (సోమవారం గ్యాలరీలుండవు, చూసుకోండి). అసలు డేనియల్ ప్రింటు ముందు నిలబడగానే నాకు టెన్షన్ మొదలైంది. రాగిరేకు మీద గుగ్గిలం పొడి అంటించి, యాసిడ్‌తో తినిపించి తీసే ఆక్వాటింట్ అది. నీడలు నీళ్లరంగు వేసినంత మెత్తగా ఉంటాయి. ప్రెస్సులో రేకు అంచు నొక్కుకుని బొమ్మ చుట్టూ కాగితం మీద గాడి పడుతుంది. రంగులు ఆ తర్వాత చేత్తో వేసినవి. 1786–88 మధ్య, తన అన్నదమ్ముల్లో ఒకరి కొడుకైన కుర్రాడు విలియంని వెంటబెట్టుకుని కలకత్తాలోనే ఇలాంటివి పన్నెండు తీశాడాయన. గీయడం, చెక్కడం, రాగిపని, అచ్చు అన్నీ తన నెత్తినే పడ్డాయని ఉత్తరంలో మొత్తుకున్నాడు కూడా.

మరి నాది? రూముకొచ్చి ఫోన్ కెమెరా జూమ్ చేస్తే ఆకాశమంతా వరసగా చుక్కలే, శుభలేఖ మీద వినాయకుడిలా! అంటే ఈ కాలపు మెషిన్ ప్రింటన్నమాట. గాడీ లేదు, ఏమీ లేదు.

షాపుకి పరిగెత్తాం. ఆయన కోప్పడలేదు, టీ తెప్పించి మరీ బిల్లు చూడమన్నాడు. "ఫ్రేమ్ ఒకటి – 3,500" అని ఉంది. "ఫ్రేమ్ ఒరిజినలే కదా సార్!" బావ నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయాడు.

కాబట్టి భూతద్దం పట్టుకెళ్లండి. ఫ్రేములోంచి తీసి చూపించనంటే వచ్చేయండి. ఏ బొమ్మ, ఏ ఏడాదిది అని బిల్లులో రాయించుకోండి. నకలు కొనడం తప్పేం కాదు, నకలు రేటే ఇవ్వండి.

ఇప్పుడది మా హాల్లో ఉంది. ఇంటికెవరొచ్చినా బావ ముందు ఫ్రేమే చూపిస్తాడు.