నెల్లూరు – ఒంగోలు – భైరవకోన: కెమెరా హెచ్చరికలు పెట్టుకుని చేసిన రెండు రోజుల కారు ప్రయాణం

గత నవంబరులో ఒక పెళ్లికి నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లి వచ్చిన వారం రోజులకు నా ఫోనుకు ఈ-చలానా సందేశం వచ్చింది. తెరిచి చూస్తే మా కారు నంబరు ప్లేటు, తేదీ, సమయం, వేగం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కాదనడానికి నాకు మాట లేకపోయింది. కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 2021లో చేర్చిన 167ఎ ప్రకారం నిఘా కెమెరా ఉన్న చోటికి ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి, పదిహేను రోజుల లోపల నోటీసు పంపాలి. నోటీసు గడువులోనే వచ్చింది. బోర్డు కూడా ఉండే ఉంటుంది, లారీని దాటే ధ్యాసలో నేనే చూసి ఉండను. చట్టంలో తేలికపాటి వాహనానికి అతివేగం జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయల దాకా ఉంది. డబ్బు కట్టేసినా, బోర్డును చూడకుండా దాటిపోయానన్న సంగతి మాత్రం మనసులో నిలిచిపోయింది. అందుకే ఫిబ్రవరిలో ఒంగోలు మీదుగా భైరవకోనకు బయలుదేరే ముందు కారులో కెమెరా హెచ్చరికలను పద్ధతిగా అమర్చుకోవాలనుకున్నాను.

ప్రయాణానికి ముందు రాత్రంతా ఆ పనికే సరిపోయింది. మా దగ్గర మూడు సాధనాలు ఉన్నాయి: కారు ఆండ్రాయిడ్ స్టీరియోలో కనిపించే గూగుల్ మ్యాప్స్, నా భార్య ఫోనులో మ్యాపుల్స్ అనే దారి చూపే యాప్, మా తమ్ముడు విదేశం నుంచి వస్తూ తెచ్చి ఇచ్చిన పాత గార్మిన్ నావిగేటర్. గూగుల్ మ్యాప్స్‌లో నావిగేషన్ సెట్టింగులలోకి వెళ్లి స్పీడోమీటర్‌ను ఆన్ చేయాలి. ధ్వనిని పూర్తిగా ఆపకుండా హెచ్చరికలు మాత్రమే వినిపించేలా పెట్టుకుంటే, ‘ఎడమకు తిరగండి, కుడికి తిరగండి’ అన్న గోల లేకుండా అవసరమైన మాట ఒక్కటే వినిపిస్తుంది. తెలిసిన దారిలో ఇంతకంటే హాయైన అమరిక నాకు కనిపించలేదు. మ్యాపుల్స్‌లో కెమెరాలతో పాటు స్పీడ్‌బ్రేకర్లు, గుంతలు, ప్రమాదకరమైన మలుపుల గురించి కూడా హెచ్చరికలు ఉంటాయి.

గార్మిన్ దగ్గర మాత్రం ఓపిక కావాలి. అందులో కెమెరాలున్న చోట్ల వంటి మన సొంత స్థలాల జాబితాను పీఓఐ లోడర్ అనే ప్రోగ్రాము ద్వారా ఎక్కించుకోవచ్చు. ఒక్కో వరుసలో ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం, ఆ తరువాత పేరు రావాలి. అలవాటు కొద్దీ అక్షాంశాన్ని ముందు రాశానేమో, నెల్లూరు దగ్గర పెట్టిన గుర్తులన్నీ ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్ దీవుల పక్కన తేలాయి. మా మేనల్లుడు పగలబడి నవ్వి, “మామయ్యా, చలానా అక్కడికి రాదులే” అన్నాడు. పేరు చివర ‘@’ గుర్తు, దాని పక్కన 80 అని రాస్తే, ఆ చోట 80 దాటినప్పుడే పరికరం మోగుతుంది. అయితే ప్రోగ్రాము వేగాన్ని మైళ్లలో తీసుకుంటున్నదా, కిలోమీటర్లలోనా అన్నది ముందే చూసుకోవాలి. మైళ్లలో ఉండిపోతే గంటకు 128 కిలోమీటర్లు దాటేదాకా అది నోరు మెదపదు.

మరునాడు తెల్లవారి పెన్నా వంతెన దాటి కోవూరు వైపు సాగేసరికే మొదటి చిక్కు ఎదురైంది. 2019 జూలై నుంచి తయారవుతున్న కార్లన్నింటిలో వేగ హెచ్చరిక తప్పనిసరి. 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. ఆ కూతకూ కెమెరాకూ సంబంధం లేదు. కానీ మూడు సాధనాలు, కారు కలిసి నాలుగు రకాలుగా కూస్తుంటే ఏది ఎందుకో తెలియక కారు నడుపుతున్న మేనల్లుడు ఊరికే బ్రేకు తొక్కసాగాడు. వెనక వచ్చే బస్సుకు అది కెమెరా కంటే పెద్ద ప్రమాదం. కావలి చేరేలోపు మ్యాపుల్స్ గొంతు తగ్గించి, గార్మిన్ మోతను మార్చి, స్టీరియోలోని మాటను మాత్రం అలాగే ఉంచాము. ఒకే పనికి రెండు గొంతులు అక్కర్లేదని అక్కడే తేలింది.

జాతీయ రహదారి 16 మీద ఫ్లైఓవర్ల దగ్గర ఈ పరికరాలన్నీ తికమకపడతాయి. ఉపగ్రహ సంకేతం మనం ఎక్కడ ఉన్నామో చెబుతుంది గానీ, పైన వంతెన మీద ఉన్నామా, పక్కన సర్వీసు రోడ్డులో ఉన్నామా అన్నది నికరంగా చెప్పలేదు. ఒక ఊరి దగ్గర ఎదురు వరుసలో ఉన్న కెమెరాకు మమ్మల్ని హెచ్చరించాయి. మరో చోట హెచ్చరిక వచ్చినా కెమెరా ఎంత వెతికినా కనిపించలేదు. మేము వెళ్లిన దారిలో స్టీరియో జీపీఎస్ గుర్తు అప్పుడప్పుడు రోడ్డు పక్క పొలాలలోకి దూకుతూ ఉండేది. విప్పి చూస్తే బిగించినవాళ్లు యాంటెన్నాను డాష్‌బోర్డు కింద ఇనుప పట్టీకి అంటించి ఉన్నారు. ఆకాశం కనపడని చోట అది ఏం చేయగలదు? ముసునూరు టోల్‌గేటు దాటాక కారు ఆపి, దాన్ని అద్దం దగ్గరికి మార్చిన తరువాత ఆ దూకుడు తగ్గింది.

వేగం విషయంలో ఇంకొకటి గమనించాను. కారు మీటరు 80 చూపుతుంటే జీపీఎస్ 76 దగ్గర ఉంటుంది. మీటర్లు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదన్న నిబంధన వల్ల తయారీదారులు కాస్త ఎక్కువే చూపేలా పెడతారు. దీన్ని చూసి ఇంకో నాలుగు కిలోమీటర్లు తొక్కవచ్చని మేనల్లుడు లెక్క వేశాడు. నేను ఒప్పుకోలేదు. డివైడరు ఉండి నాలుగు వరుసలకు తగ్గని రోడ్డు మీద కార్లకు 2018 కేంద్ర నోటిఫికేషన్ ఇచ్చిన గరిష్ఠ పరిమితి 100. అయితే స్థానిక అధికారులు ఊళ్ల దగ్గర దాన్ని తగ్గించవచ్చు, తగ్గిస్తారు కూడా. స్క్రీను మీద కనిపించే అంకె పాతదై ఉండవచ్చు కాబట్టి రోడ్డు పక్క బోర్డే ప్రమాణం. పైగా చెట్టు నీడన ఆగి లేజర్ గన్‌తో వేగాన్ని కొలిచే పోలీసుల ఇంటర్‌సెప్టర్ బండి ఈ రోజు ఉన్న చోట రేపు ఉండదు, ఏ జాబితాలోనూ దొరకదు.

ఉలవపాడులో ఇంకా మామిడి అంగళ్లు వెలవలేదు, సపోటాలు కొన్నాము. టంగుటూరు టోల్ దాటి పదకొండు గంటలకు ఒంగోలు చేరాము. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ కారును వీధిలోనే వదలాలన్నారు. అద్దానికి అంటించిన నావిగేటర్‌ను తీసినా, దాని గుండ్రటి మచ్చ చూసి లోపల ఏదో ఉందని అద్దం పగలగొట్టేవాళ్లు ఉంటారు కనుక అక్కడ దిగలేదు. బైపాస్ వైపు ఉన్న మరో లాడ్జికి గేటు, కాపలా, కప్పున్న పార్కింగు ఉన్నాయి, అద్దె కాస్త ఎక్కువ. వైఫై మాత్రం పేరుకే ఉంది. మరునాటి దారికి ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోవడానికి చివరికి సొంత డేటానే వాడాల్సి వచ్చింది. కారులో తిరిగేవాళ్లకు నేను రెండోదే చెబుతాను. సాయంత్రం కొత్తపట్నం సముద్ర తీరానికి వెళ్లి వచ్చాము. ఆ దారిలో హెచ్చరికల అవసరమే కలగలేదు.

రెండో రోజు పొదిలి, కనిగిరి మీదుగా సాగిన దారిలో పరికరాలు దాదాపు మౌనంగా ఉన్నాయి, కష్టాలు మాత్రం అక్కడే ఎక్కువ. సున్నం గీత కూడా లేని స్పీడ్‌బ్రేకర్లు, పొగాకు బేళ్ల ట్రాక్టర్లు, రోడ్డు నిండా గొర్రెల మందలు. మ్యాపుల్స్ గొంతును మళ్లీ పెంచితే కొన్ని స్పీడ్‌బ్రేకర్లను ముందే చెప్పింది. చెప్పనివాటిని మేనల్లుడు పక్క సీటులో కూర్చుని ఒక్కొక్కటిగా గుర్తు పెడుతూ వచ్చాడు, ఆ పూట కారు నేను నడిపాను. జాతీయ రహదారి మీద కెమెరాల గురించి పడ్డ తాపత్రయంలో సగం ఈ లోపలి దారుల మీద పెట్టి ఉంటే నడుములు బాగుపడేవి.

చంద్రశేఖరపురం దాటాక సిగ్నల్ పోయింది. ఆఫ్‌లైన్ మ్యాపు, గార్మిన్ మాత్రమే దారి చూపాయి, మిగిలిన ఫోను తెల్లబోయింది. భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలూ చూసి, జలపాతం దగ్గర కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాము. బస చేయాలనుకునేవాళ్లు అక్కడ సౌకర్యాలను నమ్ముకోకుండా పగలే వచ్చి వెళ్లడం మంచిది. తిరుగు దారిలో ఉదయగిరి చెక్క గరిటెలు కొని, ఆత్మకూరు, సంగం మీదుగా చీకటి పడేసరికి నెల్లూరు చేరాము.

ఇంటికి వచ్చాక ఎదురు వరుస కెమెరాలను తీసేసి, స్పీడ్‌బ్రేకర్లను వేరే ఫైలుగా చేసి గార్మిన్‌లో మళ్లీ ఎక్కించాను. పదిహేను రోజులు దాటిన తరువాత చలానా సైటులో బండి నంబరు కొట్టి చూస్తే ఏమీ లేదు. ఆ ఫైలు సరిచూస్తుండగా పామూరు దగ్గర ఒక గుర్తుకు మేనల్లుడు ‘గొర్రెలు@30’ అని పేరు పెట్టి ఉండటం కనిపించింది. మంద అక్కడే ఉంటుందా అని అడిగితే, “వాటి దారి అదే మామయ్యా” అన్నాడు. తీసేద్దామనుకుని, ఎందుకో అలాగే ఉంచాను.