24 బేల ఎక్స్‌పాండర్‌తో ఆరేళ్లు: నింద డిస్కుల మీద, ఇరుకు దారిలో

ఎనిమిది పోర్టుల 6 గిగాబిట్ల శాస్ హెచ్‌బీఏ కార్డు (కంప్యూటర్‌కు డిస్కులను కలిపే కార్డు) ఒకటి, దానికి కేబుల్‌తో కలిపిన 24 బేల (డిస్కులు పెట్టే అరల) ఎక్స్‌పాండర్ బ్యాక్‌ప్లేన్ (ఒక కేబుల్ దారిని చాలా డిస్కులకు పంచే బోర్డు), ఆ బేల నిండా 7200 ఆర్‌పీఎం వేగంతో తిరిగే 4 టెరాబైట్ల సాటా హార్డ్ డిస్కులు: ఈ సరంజామాను ఆరేళ్లకు పైగా రోజూ వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. పరికరం నమ్మకమైనదే. అయితే వేగం తగ్గినప్పుడు లోపం ఎక్కడుందో అది తనంతట తాను చెప్పదు. పైగా మనం చూసే కొలతలన్నీ అమాయకపు డిస్కుల వైపే వేలు చూపిస్తాయి.

మొదటి అనుమానం రెయిడ్ తనిఖీతో, అంటే డిస్కుల్లో ఉన్నదంతా చదివి సరిచూసే పనితో, మొదలైంది. పన్నెండేసి డిస్కులతో రెండు రెయిడ్-6 ఎరేలు (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే డిస్కుల గుంపులు) కట్టుకున్నాను. వాటిలో ఏదో ఒకదాన్ని విడిగా తనిఖీకి పెడితే ఎనిమిది గంటల్లో పూర్తయ్యేది. రెండింటినీ ఒకేసారి పెడితే పన్నెండున్నర గంటలు పట్టేది. రెండు ఎరేలకూ ఉమ్మడి డిస్కు ఒక్కటి కూడా లేదు, ప్రాసెసర్ మీద భారమూ లేదు. ఆ సమయంలో డిస్కుల పనిని కొలిచే ఐఓస్టాట్ చూస్తే 24 డిస్కులకూ యుటిల్ (డిస్కు పనిలో ఉన్న సమయం) 100 శాతం దగ్గరే నిలిచింది, అవెయిట్ (ఒక్కో అభ్యర్థన పూర్తికి పట్టే సమయం) రెట్టింపయింది. ఇంకొకరెవరైనా అయితే డిస్కులు పాతబడ్డాయని తేల్చేసేవారు. నేనూ దాదాపు ఆ మాటే అనబోయాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు, ఎక్స్‌పాండర్ దగ్గర వరుసలో నిలబడి గడిపిన సమయం కూడా డిస్కు ఖాతాలోనే పడుతుందని అప్పటికి నాకు తట్టలేదు.

ఆ తరువాత వేగం కొలిచే ఫియోతో డైరెక్ట్ మోడ్‌లో (మెమరీ కాష్‌ను పక్కనపెట్టి), ఒక మెగాబైట్ బ్లాకులతో, వరుస రీడ్‌లను డిస్కు తరువాత డిస్కును కలుపుతూ పరీక్షించాను. ఒంటరిగా ప్రతి డిస్కూ మొదటి ట్రాకుల మీద సెకనుకు 180 మెగాబైట్లు ఇచ్చింది. నాలుగింటికి 720, ఎనిమిదింటికి 1440, పన్నెండింటికి దాదాపు 2160 వచ్చింది. పదమూడో డిస్కును చేర్చగానే మొత్తం అక్కడే ఆగిపోయి, ఒక్కో డిస్కు వాటా తగ్గడం మొదలైంది. 24 డిస్కులకూ చేరేసరికి తలా 90 మెగాబైట్లు మిగిలాయి. ఇది అంకగణితమే. 6 గిగాబిట్ల లేన్ (డేటా నడిచే ఒక్కో దారి) మీద 8బీ/10బీ ఎన్‌కోడింగ్ (ప్రతి 8 బిట్లకూ 10 బిట్లు పంపే పద్ధతి) పోగా మిగిలేది సెకనుకు 600 మెగాబైట్లు, ఒక కేబుల్‌లో నాలుగు లేన్లు కనుక గరిష్ఠం 2400. ప్రోటోకాల్ ఖర్చులు తీసేస్తే నా అంకె సరిగ్గా ఆ గోడ కిందే ఉంది. డిస్కులన్నీ ఒకే తీరుగా నెమ్మదిస్తే పైన దారి ఇరుకైందనీ, ఒక్కటే నెమ్మదిస్తే ఆ డిస్కునో దాని బేనో చూడాలనీ ఆ రోజు నుంచి నాకు మొదటి కొండగుర్తు అయింది.

బ్యాక్‌ప్లేన్‌లో రెండో కేబుల్‌కు చోటుంది కాబట్టి దాన్ని కలిపాను, లేన్లు ఎనిమిదయ్యాయి. మొత్తం వేగం 4300కు చేరుతుందని ఆశపడ్డాను గానీ 3200 దగ్గర ఆగింది. ఈసారి గోడ, కార్డును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐఈ 2.0ది: ఎనిమిది లేన్లకు కాగితం మీద 4000, ప్యాకెట్ల ఖర్చు పోగా చేతికందేది ఇంచుమించు నాకు వచ్చిందే. తనిఖీ మాత్రం తొమ్మిది గంటల పైచిలుకుకు దిగింది. ఆ మెరుగుదలకు నేను పెట్టినది ఒక్క కేబుల్ ఖర్చే కనుక దీనికి పూర్తి మార్కులు ఇస్తాను.

రెండేళ్ల తరువాత నెట్‌వర్క్ కార్డుకు చోటు చేయడానికి హెచ్‌బీఏను పక్క స్లాట్‌లోకి మార్చాను. అంతే, తనిఖీ దాదాపు పదిహేడు గంటలకు పాకింది. కార్డుల వివరాలు చూపే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశాన్ని వివరంగా అడిగితే కార్డు సామర్థ్యం ఎనిమిది లేన్లనీ, ప్రస్తుత లింకు నాలుగు లేన్లనీ రాసి ఉంది. స్లాట్ పొడవుగా ఉన్నా లోపల తీగలు వేసింది నాలుగు లేన్లకే. స్లాట్ పొడవును చూసి మోసపోవడం ఈ రంగంలో చాలా మామూలు సంగతి, నేనూ మినహాయింపు కాలేదు.

ఒంటరి డిస్కు కథ ఇంకోటి. పదిహేడో బేలోని డిస్కుకు అవెయిట్ 200 మిల్లీసెకన్లు, మిగతావాటికి 14. డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదికలో తిరిగి కేటాయించిన సెక్టార్లు లేవు, కానీ 199వ లక్షణమైన సీఆర్‌సీ లోపాల (దారిలో డేటా పాడైన సందర్భాల) సంఖ్య పెరుగుతోంది. అది డిస్కు లోపలి పళ్లేనికి సంబంధించిన జబ్బు కాదు, దారికి సంబంధించినది. పక్క బేలోని డిస్కుతో స్థానాలు మార్చి చూస్తే నెమ్మదితనం డిస్కు వెంట వెళ్లకుండా బేలోనే ఉండిపోయింది. ఎక్స్‌పాండర్‌లో ఆ బేకు చెందిన ఫై (లింకు చివరి పోర్టు) లోపాల లెక్కను ఎస్‌ఎంపీ యుటిల్స్ అనే ఆదేశాలతో గంట తేడాతో రెండుసార్లు తీసుకుంటే చెల్లని డబుల్‌వర్డ్‌ల (పాడై చేరిన నాలుగు బైట్ల ముక్కల) సంఖ్య వేలల్లో పెరిగింది. ఈ సంఖ్య డిస్కు తీసి పెట్టినప్పుడూ కొంత పెరుగుతుంది కాబట్టి ఒక్కసారి చూసిన అంకెకు విలువ లేదు, రెండింటి తేడాకే విలువ. టార్చ్ వేసి చూస్తే కనెక్టర్ అంచున ధూళి పోగొకటి కనిపించింది. గాలి కొట్టి శుభ్రం చేశాక ఆ లెక్క కదలలేదు.

నచ్చనివి కూడా చెప్పాలి. పాత 3 గిగాబిట్ల డిస్కులు కొన్నిటిని ఇందులో పెట్టినప్పుడు ఎక్స్‌పాండర్ వేగాలను సరిపోల్చడానికి లింకులో ఖాళీ పూరకాలు నింపుతుంది. అంటే ఆ డిస్కు మాట్లాడుతున్నంత సేపూ లేన్ మొత్తం దాని చేతిలోనే ఉండి, సగం సామర్థ్యం వృథాగా పోతుంది. డేటాను బఫర్ చేసుకునే 12 గిగాబిట్ల ఎక్స్‌పాండర్లలో ఈ బాధ చాలా వరకు తీరింది, నా దానిలో లేదు. చెడిపోతున్న సాటా డిస్కు ఒకటి జవాబివ్వకుండా మొరాయించినప్పుడు లైనక్స్ ముప్పై సెకన్లు ఎదురుచూసి రీసెట్ చేసేది, ఆ కాస్సేపు పక్కనున్న డిస్కులు కూడా కదలకుండా నిలబడిపోయేవి. స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో ఎస్‌సీటీ ఈఆర్‌సీ గడువును (లోపాన్ని సరిదిద్దుకోవడానికి డిస్కు తీసుకునే సమయాన్ని) ఏడు సెకన్లకు కుదించాక ఆ స్తంభనలు అరుదయ్యాయి. కొన్ని డిస్కులు విద్యుత్తు పోయి రాగానే ఆ అమరికను మరచిపోతాయి కనుక దాన్ని బూట్ స్క్రిప్ట్‌లో పెట్టుకున్నాను.

చిన్న బ్లాకుల యాదృచ్ఛిక పని నెమ్మదిగా ఉందని ఈ పరికరాన్ని మార్చాలనుకునేవారికి ఒక లెక్క చెబుతాను. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు ఎనభై ఐఓల (చదివే, రాసే పనుల) చుట్టూ చేస్తుంది. 24 డిస్కులూ కలిసి 4 కిలోబైట్ల చొప్పున చదివినా సెకనుకు 8 మెగాబైట్లు దాటదు. 2400 మెగాబైట్ల దారి ఉన్నా, 4800 ఉన్నా అక్కడ ఒరిగేదేమీ లేదు. ఎస్ఎస్‌డీల విషయం పూర్తిగా వేరు: సాటా ఎస్ఎస్‌డీ ఒక్కోటి 550 మెగాబైట్ల దగ్గర చదువుతుంది కనుక నాలుగైదింటితోనే ఒక కేబుల్ నిండిపోతుంది. అందుకే నా ఎస్ఎస్‌డీలను ఎక్స్‌పాండర్ జోలికి పోనివ్వకుండా వేరే హెచ్‌బీఏకు నేరుగా కలిపాను. హెచ్‌బీఏ తిరిగి తన పాత స్లాట్‌కు చేరింది, నెట్‌వర్క్ కార్డే నాలుగు లేన్లతో సర్దుకుంటోంది.